పరుగు లేని రోజున ఒంట్లో జరిగే పని

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చూస్తే, ఎంత దూరం పరిగెత్తాలని అడిగినవారికంటే ఎప్పుడు ఆగాలని అడిగినవారే ఎక్కువగా కనిపించారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని విశ్రాంతికే కేటాయిస్తున్నాను. పేర్లు తీసివేసి, ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నాలుగు నెలల్లో జరగబోయే మారథాన్ కోసం సాధన చేస్తున్నాను. ఇదే నా మొదటిది. కోచ్ ఇచ్చిన షెడ్యూల్‌లో వారానికి రెండు రోజులు పరుగు లేదు. ఆ రెండు రోజులూ ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. మా బృందంలో రోజూ పరిగెత్తేవారు ఉన్నారు, వారికేమీ కావడం లేదు. కోచ్‌కు చెప్పకుండా ఆ రెండు రోజులు కూడా నెమ్మదిగా ఐదేసి కిలోమీటర్లు పరిగెత్తితే నష్టమేమిటి?

జవాబు: ముందుగా ఒక పాత ప్రయోగం గురించి చెబుతాను. 1966లో స్వీడన్ వైద్య పరిశోధకులు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ తమ మీద తామే చేసుకున్న ప్రయోగం ఇది. ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్క కాలితో మాత్రమే పెడలు తొక్కుతూ, ఆ కాలు ఇక కదలనని మొరాయించేవరకు ఆపలేదు. రెండో కాలికి ఏ పనీ లేదు. తరువాత సూదితో తొడ కండరంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, పనిచేసిన కాలిలో గ్లైకోజెన్, అంటే కండరం తనలో దాచుకునే చక్కెర నిల్వ, దాదాపు అడుగంటింది. ఆ తరువాత మూడు రోజులు వారు పిండిపదార్థాలు దండిగా ఉన్న ఆహారం తీసుకున్నారు. మూడు రోజుల తరువాత మళ్లీ చూస్తే, అలసిన కాలిలో చేరిన గ్లైకోజెన్ రెండో కాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఇద్దరి ఒంట్లోనూ రెండు కాళ్లకూ అందిన ఆహారం ఒకటే, పారిన రక్తమూ ఒకటే. నిల్వను ఖాళీ చేసింది సైకిలు, దానిని రెట్టింపు చేసింది మాత్రం ఆ తరువాతి మూడు రోజులు. పరుగు వల్ల బలం వస్తుందని మనం వాడుకగా అంటాం గానీ, పరుగు ఇచ్చేది పురమాయింపు మాత్రమే. సరుకు తయారయ్యేది పరుగుకూ పరుగుకూ నడుమ ఉన్న గంటలలో.

అయితే ఆ తయారీ ఒంట్లో అన్నిచోట్లా ఒకే వేగంతో జరగదు, మీలాంటి కొత్తవారు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. తగినంత తింటే గ్లైకోజెన్ ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. రక్తంలోని ద్రవభాగం పెరగడం సాధన మొదలైన కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. తొలి వారాల్లో ఆయాసం తగ్గినట్టు అనిపించడానికి అదొక ముఖ్య కారణం. మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) వంటి వాటిలో, గట్టి వ్యాయామం జరిగిన మొదటి ఒకటిన్నర రోజు వరకు కొల్లాజెన్, అంటే ఆ తాడు పోగులకు మూలమైన మాంసకృత్తి, కట్టబడేదానికంటే విరిగిపోయేదే ఎక్కువగా ఉంటుంది. ఆ తరువాతే లెక్క లాభంలోకి తిరుగుతుంది. ఇక ఎముక సంగతి వేరు. వాడుక పెరిగినప్పుడు అది ముందుగా తన పాత భాగాన్ని తానే తవ్వి తీసేసుకుంటుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. తవ్విన చోట కొత్త ఎముక పూడడానికి దాదాపు మూడు నెలలు కావాలి. అంటే సాధనలో రెండో నెల వచ్చేసరికి మీ గుండె, ఊపిరితిత్తులు ఇంకా పరిగెత్తమంటుంటాయి, అదే సమయంలో మీ కాలి ఎముకల్లో గుంతలు తవ్వి ఉంటాయి, పూడ్చడం పూర్తయి ఉండదు. ఊపిరి అందుతోంది కదా అని లెక్క వేసుకునేవారికి ఈ తేడా తెలియదు, ఎందుకంటే ఎముక ఆయాసపడదు.

మీ బృందంలో రోజూ పరిగెత్తేవారు ఎన్నేళ్లుగా పరిగెత్తుతున్నారో అడిగి చూడండి. ఏడెనిమిదేళ్లుగా పరిగెత్తుతున్నవారైతే, వారి ఎముకలు ఆ పూడ్చే పనిని ఎన్నోసార్లు పూర్తిచేసుకుని ఉంటాయి. వారి ఐదు కిలోమీటర్లూ మీ ఐదు కిలోమీటర్లూ ఒకటి కావు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం కోచ్‌గా ఉన్న బిల్ బవర్‌మన్, కఠినమైన రోజు వెంట తేలికైన రోజు ఉండి తీరాలనే పద్ధతిని అమలు చేసింది కూడా మీకంటే ఎంతో ముదిరిన పరుగువీరుల మీదనే.

ఇక మీరు అడిగిన అసలు సంగతికి వస్తే, నెమ్మదిగా పరిగెత్తిన ఐదు కిలోమీటర్ల వల్ల ఆ ఒక్క రోజున ఏ ప్రమాదమూ జరగదు. కానీ వారానికి పది చొప్పున నెలకు నలభై కిలోమీటర్లు మీ కోచ్ లెక్కలో లేకుండా మీ కాళ్ల మీద చేరతాయి. గురువారం టెంపో రన్‌లో, అంటే గట్టి వేగాన్ని నిలకడగా పట్టి ఉంచే పరుగులో, మీరు మందగిస్తే ఆయన దానికి వేరే కారణం వెతుకుతారు, వేరే మందు వేస్తారు. నన్నడిగితే నాకు ఎక్కువ అభ్యంతరం ఆ కిలోమీటర్ల మీద కాదు, ఆ దాచడం మీద. ఒక రోజు పూర్తిగా వదిలేయండి. రెండో రోజు చేతులు ముడుచుకుని కూర్చోలేకపోతే, కోచ్‌కు చెప్పి ఈత గానీ సైకిలు గానీ అరగంట పెట్టుకోండి. ఆ రెండింటిలోనూ అడుగు నేలను తాకిన ప్రతిసారీ ఎముక మీద పడే దెబ్బ ఉండదు.

ప్రశ్న: ఆదివారం లాంగ్ రన్ చేస్తే సోమవారం బాగానే ఉంటుంది, మంగళవారం మాత్రం మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందనీ, మళ్లీ పరిగెత్తితే కరిగిపోతుందనీ తోటివారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. పరుగులో పెరిగిన లాక్టేట్, అంటే మీవాళ్లు లాక్టిక్ ఆమ్లం అంటున్నదే, పరుగు ఆపిన గంట సేపటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మంగళవారం దాకా ఉండేంత ఓపిక దానికి లేదు. మీ నొప్పికి కారణం కండర తంతువులలో ఏర్పడిన అతి చిన్న గాయాలు, వాటిని మరమ్మతు చేయడానికి వచ్చిన వాపు. కండరం సాగుతూ బరువును ఆపవలసి వచ్చినప్పుడు, అంటే పల్లంలోకి పరిగెత్తేటప్పుడు, ఇవి ఎక్కువగా ఏర్పడతాయి. మెట్లు ఎక్కేటప్పుడు కాక దిగేటప్పుడే తొడలు పట్టేయడానికి కారణం కూడా అదే పని మళ్లీ చేయవలసి రావడం. ఈ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తనంతట తానే తగ్గుతుంది. నడక వల్ల, తేలికైన కదలిక వల్ల ఆ కాసేపు హాయిగా ఉంటుంది గానీ, మరమ్మతు త్వరగా ముగిసిపోదు. చల్లని నీటిలో కూర్చోవడం, మర్దన చేయించుకోవడం కూడా నొప్పి తెలియకుండా చేయడానికి కొంత పనికివస్తాయి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లడం మాత్రం మానండి. ఐబుప్రొఫెన్ వంటివి దూరపు పరుగులో, ఒంట్లో నీరు తగ్గిన వేళ, మూత్రపిండాలకు కీడు చేయగలవు. భరించలేని కండరాల నొప్పితోపాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది విశ్రాంతితో పోయే వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మూడు వారాలుగా కుడి కాలి ముందెముక మీద, చీలమండకు జానెడు పైన, ఒకచోట నొప్పి. మొదట పరుగు చివర వచ్చేది, ఇప్పుడు నడుస్తున్నా తెలుస్తోంది, రాత్రి కూడా లాగుతోంది. నొప్పి మొదలైన వారానికే ఎక్స్‌రే తీయించాను, ఏమీ లేదన్నారు. హాఫ్ మారథాన్ ఐదు వారాల్లో ఉంది. నొప్పిని ఓర్చుకుంటూ సాధన కొనసాగించవచ్చా? మరో విషయం, సంబంధం ఉందో లేదో తెలియదు, మూడు నెలలుగా నెలసరి రావడం లేదు. బరువు తగ్గాను, పరుగు వేగం పెరిగింది కాబట్టి సాధన బాగా సాగుతోందని అనుకున్నాను.

జవాబు: సంబంధం ఉంది. మీరు చివర్లో రాసిన వాక్యాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి, అయినా ముందు నొప్పి సంగతి చూద్దాం.

కాలి ముందెముక వెంట వచ్చే నొప్పుల్లో రెండు రకాలను విడదీయాలి. ఎముక లోపలి అంచు వెంబడి అరచేయి పొడవున పరచుకుని, పరుగు మొదట్లో బాధించి, ఒళ్లు వేడెక్కాక తగ్గే నొప్పి ఒక రకం. దానిని పరుగువారు షిన్ స్ప్లింట్స్ అంటారు. ఒక్క వేలి కొనతో చూపించగలిగినంత చిన్నచోట ఉండి, పరిగెత్తేకొద్దీ పెరిగి, చివరకు నడకలోకీ నిద్రలోకీ వచ్చే నొప్పి రెండో రకం. మీరు వర్ణించింది రెండోదానిలాగే ఉంది, అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. ముందు జవాబులో చెప్పిన తవ్వకం పూడికను మించిపోయినప్పుడు ఎముకలో ఏర్పడే సన్నని పగులు ఇది. తొలి రెండు మూడు వారాలలో తీసిన ఎక్స్‌రేలో ఇది తరచుగా కనిపించదు. మానడం మొదలై కొత్త ఎముక కొంత చేరాకే ఛాయ పడుతుంది. కాబట్టి మొదటి వారంలో తీసిన ఎక్స్‌రే బాగుందన్న మాట మీకు అనుమతి పత్రం కాదు. ఎముకల వైద్యునికి ఈ వివరాలన్నీ చెప్పి, ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి. వైద్యుడు చూసేవరకు పరుగు వద్దు, నొప్పి ఉందో లేదో చూద్దామని గెంతి పరీక్షించుకోవడం కూడా వద్దు.

నేను పరిగెత్తే రోజుల్లో ఈ తప్పు చేశాను. ఎడమ పాదం పైన, మూడో వేలికి వెనుకగా, గోరంత చోట నొప్పి ఉండేది. బూటు లేసు అక్కడ ఒత్తుకుంటోందని నిర్ణయించుకుని, ఆ వరుసలో రంధ్రాలు వదిలేసి లేసు కట్టుకున్నాను. అలా కట్టిన మొదటి రోజున నొప్పి నిజంగానే కొంచెం తగ్గింది, ఆ కొంచెం చాలు నన్ను నేను నమ్మించుకోవడానికి. మూడో వారంలో ఒక లాంగ్ రన్‌లో, పద్నాలుగో కిలోమీటరు దగ్గర, ఆ పాదం మీద బరువు మోపలేక రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. మొదట్లోనే ఆగి ఉంటే ఆరు వారాలలో తేలిపోయేదానికి నాలుగు నెలలు చెల్లించాను.

ఇక నెలసరి గురించి. పరిగెత్తే స్త్రీకి నెలసరి ఆగిపోవడం సాధన బాగుందనడానికి గుర్తు ఎంతమాత్రం కాదు. వ్యాయామానికి ఖర్చయ్యే శక్తిని తీసివేశాక మిగిలిన ఆహారం శరీరపు మామూలు పనులకు చాలనప్పుడు, శరీరం ప్రాణానికి అప్పటికప్పుడు అవసరం లేని పనులను ఒక్కొక్కటిగా ఆపుతుంది. వాటిలో ముందు వరుసలో ఉండేది నెలసరి. దానితోపాటు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలో పూడ్చే పని వెనకబడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్‌-ఎస్ అనే పేరు పెట్టి, ఇది పురుషులలోనూ వస్తుందని స్పష్టం చేసింది. వారిలో నెలసరి లాంటి హెచ్చరిక లేకపోవడం వల్ల ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. గర్భం, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు కాబట్టి స్త్రీల వైద్యురాలిని తప్పక కలవండి. మీ విషయంలో విశ్రాంతి అంటే పరుగు ఆపడం ఒక్కటే కాదు, కడుపునిండా తినడం కూడా. కాలు మానుతున్న కాలంలో బరువు పెరుగుతుందేమోనన్న భయంతో తిండి తగ్గిస్తే, ఎముక మానడానికి కావలసిన సరుకునే మీరు కోసేసుకున్నట్టు. ఐదు వారాల తరువాతి పోటీని వదులుకోండి. ఇలాంటి పగుళ్లు మానడానికే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పరుగులోకి తిరిగి రావడం ఆ తరువాతి మాట.

ప్రశ్న: జ్వరం వచ్చి పన్నెండు రోజులు పరుగు ఆగిపోయింది. ఆరు నెలల కష్టం పోయిందని బెంగగా ఉంది. రేపటి నుంచి రెట్టింపు చేసి లోటు పూడ్చుకోవచ్చా?

జవాబు: పోయిందనుకుంటున్నంత పోలేదు. చాలాకాలం గట్టిగా సాధన చేసినవారి చేత పూర్తిగా మాన్పించి పరిశీలించిన ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం తొలి మూడు వారాలలో తగ్గింది సుమారు 7 శాతం. అందులోనూ ముందుగా పోయేది రక్తంలోని ద్రవభాగం, దాని వల్ల గుండె ఒక్కో కొట్టుడుకు పంపగలిగే రక్తం; అవి సాధన మొదలుపెడితే త్వరగానే తిరిగివస్తాయి. కండరాలలో ఏళ్ల తరబడి అల్లుకున్న సన్నని రక్తనాళాలు, దాదాపు మూడు నెలలు మానేసినా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఎమిల్ జటోపెక్ కథ మీకు కొంత ధైర్యం ఇవ్వవచ్చు. విపరీతమైన సాధనకు పేరుపడ్డ ఈ చెకొస్లొవేకియా పరుగువీరుడు, 1950లో బ్రస్సెల్స్‌లో జరిగిన యూరోపియన్ పోటీలకు కొద్ది రోజుల ముందు ఆహారం వికటించి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడి నుంచి నేరుగా వచ్చినంత పని చేసి 10,000 మీటర్లలో రెండోవానికంటే నిమిషానికి పైగా ముందు, 5,000 మీటర్లలో 23 సెకన్ల ముందు గెలిచాడు. ఆ మంచం మీది రోజులు లేకుంటే అతను అంత బాగా పరిగెత్తేవాడు కాడని కోచ్‌లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రుజువు చేయలేం గానీ, నాకు ఆ మాట కొట్టిపారేయాలనిపించదు. అయితే మీరు జటోపెక్ కారు, నేనూ కాను. జ్వరం పూర్తిగా తగ్గి, మాత్ర అవసరం లేకుండా కనీసం ఒకటి రెండు రోజులు గడిచాకే మొదలుపెట్టండి. వైరస్ జ్వరాలలో అరుదుగా గుండె కండరానికి వాపు వస్తుంది, ఆ స్థితిలో పరుగు ప్రాణం మీదికి తెస్తుంది. ఛాతీలో నొప్పి, గుండెదడ, మునుపెన్నడూ లేని ఆయాసం కనిపిస్తే పరుగు ఆపి వైద్యుని దగ్గరకు వెళ్లండి. లేకుంటే మొదటి వారం మామూలు దూరంలో సగం, అదీ పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. పోయిన పరుగులను అప్పులా లెక్కగట్టి తీర్చవలసిన పని లేదు, వాటిని రద్దు చేసేయండి.

ప్రశ్న: ఉద్యోగరీత్యా రాత్రి పన్నెండుకు గానీ పడుకోలేను. ఉదయం ఐదింటికి లేచి వారానికి ఆరు రోజులు పరిగెత్తుతున్నాను. చేతి గడియారం రోజూ ‘కోలుకోలేదు’ అని ఎర్రరంగు చూపిస్తోంది. గడియారాన్ని నమ్మాలా?

జవాబు: ఐదు గంటల కంటే తక్కువ నిద్ర అని తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పెద్దలకు ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి, పరిగెత్తేవారికి అందులో పై అంచు దగ్గరి లెక్క మేలు. శరీరంలో మరమ్మతులకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ పెద్ద మోతాదులో విడుదలయ్యేది గాఢనిద్రలోనే. 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పడకమీద ఉండమని చెప్పి చూస్తే, వారి పరుగు వేగం, బంతి వేసే గురి రెండూ మెరుగుపడ్డాయి. వారు పట్టుమని పన్నెండు మంది కూడా లేరు, పైగా దూరపు పరుగువారు కారు, కాబట్టి ఈ ఒక్క ఫలితాన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కానీ సాధన ఏమీ పెంచకుండా నిద్ర పెంచితే వచ్చిన లాభం అది.

మీ ఆరు రోజుల్లో రెండింటిని నిద్రకు ఇచ్చేయండి. ఎర్రరంగును పక్కనపెట్టి, ఉదయం కళ్లు తెరిచిన వెంటనే, లేవకుండానే, మణికట్టు దగ్గర నాడిని నిమిషంపాటు లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాసుకోండి; దాని పక్కనే, ఈరోజు పరిగెత్తాలని మనసుకు ఉందా లేదా అన్నది ఒక్క మాటలో రాయండి. నాడి మీ మామూలు సంఖ్యకంటే ఏడెనిమిది ఎక్కువగా వరుసగా మూడు నాలుగు రోజులు ఉండి, ఆ పక్క గడిలో ‘లేదు’ అని కూడా ఉంటే, ఆ వారం సగానికి తగ్గించండి. నా అనుభవంలో ఆ రెండో గడి మొదటిదానికంటే ముందుగా నిజం చెబుతుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. తొమ్మిది రోజుల క్రితం మారథాన్ పూర్తిచేశాను. కాళ్ల నొప్పులు ఐదో రోజుకే పోయాయి. వచ్చే ఆదివారం 10 కిలోమీటర్ల పోటీ ఉంది, పాల్గొనవచ్చా?

జవాబు: నొప్పి పోవడం, కండరం మానడం ఒకే రోజున జరగవు. 42.195 కిలోమీటర్ల తరువాత కండరాల లోపలి గాయాలు నొప్పి మరిచిపోయిన తరువాత కూడా కొనసాగుతాయి. వయసు పెరిగేకొద్దీ, తిన్న మాంసకృత్తులను కండరంగా మార్చుకునే పని కూడా మందగిస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన జాక్ ఫోస్టర్ 1974 కామన్వెల్త్ క్రీడలలో, 41 ఏళ్ల వయసులో, 2 గంటల 11 నిమిషాల 18 సెకన్లలో మారథాన్ ముగించి వెండి పతకం గెలుచుకున్నాడు. పోటీలో పరిగెత్తిన ఒక్కో మైలుకు ఒక్కో రోజు చొప్పున మళ్లీ పోటీ జోలికి గానీ గట్టి సాధన జోలికి గానీ పోరాదన్నది ఆయన పాటించిన నియమం. ఇది ప్రయోగశాలలో తేలిన సూత్రం కాదు, కానీ నడివయసు దాటినవారి విషయంలో ఇంతకంటే మంచి లెక్క నాకు ఇంతవరకు దొరకలేదు. మారథాన్ 26 మైళ్ల పైచిలుకు. మీరు ఉత్తరం రాసేనాటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఇంకా పదిహేడు రోజులు ఉన్నాయి. ఆ పదిహేడు రోజులలో నడవండి, ఈదండి, మనసైతే రోజు విడిచి రోజు అరగంట నెమ్మదిగా పరిగెత్తండి. ఆదివారం పోటీకి వెళ్లాలని మరీ ఉంటే, దారి పక్కన నిలబడి మంచినీళ్లు అందించేవారు ఎప్పుడూ తక్కువగానే ఉంటారు.